శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

బాలురు చెడుత్రోవ త్రొక్కిన పిదప దండించువారు పెక్కండ్రు. త్రొక్కకమునుపే చేయూతనిచ్చువారు కొందఱే. అట్టివారిలో అగ్రగణ్యులగు వేంకటరత్నము నాయుడుగారి చరిత్రమును విద్యార్థులకొఱకును తలిదండ్రులకొఱకును మేమిట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1862వ సంవత్సరమున మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రిగారు సైన్యమున సుబేదారు. బాల్యమున హైదరాబాదులో చదివి, పిదప మదరాసు క్రైస్తవ కళాశాలలో డాక్టరు మిల్లరుగారి శిష్యులైరి. యౌవనముననే భార్య గతింపగా మరల వివాహమాడక, తెల్లని వస్త్రములు ధరించి, విద్యార్థులనే బిడ్డలుగా జూచుకొనిరి. 1899లో సికింద్రాబాదు మహబూబు కళాశాలకును, తరువాత 1919 వఱకు కాకినాడలోని పిఠాపురపు రాజావారి కళాశాలకును అధ్యక్షులుగా నుండిరి. 1925 మొదలు 1928 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరు పదవి నిర్వహించి, 1939లో దివంగతులైరి.

పదవులకంటె వీరి పని గొప్పది. ఇంట త్రాగుడు, పెండ్లిండ్లలో భోగముమేళములు, ఆదరించు దిక్కులేమి, ఇవి పసివారిని చెఱచునని గ్రహించి, మద్యపానమును భోగముమేళములను ఎదిరించిరి. తమ జీతముతో పేదవిద్యార్థులను చదివించిరి. కాకినాడలో అనాథశరణాలయము వెలయుటకు తోడ్పడిరి.

వారు అనుభవమున నెఱిగినదానిని పిదప అన్యదేశములవారు లెక్కలతో పరిశీలించిరి. లండనులో 1961 మొదలుకొని 411 మంది బాలుర జీవితములను పండితులు అనేక సంవత్సరములు గమనించిరి. పేదఱికము, తలిదండ్రుల నేరప్రవర్తన, ఇంట అదుపులేమి, బడిలో వెనుకబాటు, ఇవి నేరమునకు దారితీయు కారణములలో ముఖ్యములని తేల్చిరి. హవాయి ద్వీపములలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నరుగారు మొదలగువారు పరిశీలించిరి. అందు ఇట్టి అపాయములు పెక్కింటి నడుమ పెరిగినవారిలో సైతము మూడవవంతు మంది యోగ్యులై నిలిచిరి. అట్టివారికి తల్లియో, అవ్వయో, ఉపాధ్యాయుడో, ఎవరో యొకరు విడువక ఆదరించువారు దొరకిరి.

మన గోదావరిఖనిలో తండ్రి రాత్రిషిఫ్టు ముగించి పగలు నిద్రించును. తల్లికి ఇంటిపని తీఱదు. సాయంకాలము బాలుడు వీథిపాలగును. ఇది ఎవరి దోషమును గాదు. కాని బడికి రాని బాలుని ఇంటికి నడచి విచారించు ఉపాధ్యాయుడును, మాపటివేళ పొరుగుబిడ్డను తన బిడ్డలతో కూర్చుండబెట్టి చదివించు తల్లియు ఉన్నచో అపాయము తఱుగును. ఆ యొక్కరు మనమే కావలెనని మా ప్రార్థన.