ప్రజల అర్జీని మోసిన మాడపాటి హనుమంతరావు పంతులుగారు

లోకమున ప్రజానాయకులు పలువిధములుగా నుందురు. కొందరు వేదిక నెక్కి పలికిన పలుకులచే జనులను కదలింతురు. కొందరు కారాగారమున కేగి త్యాగముచే పేరొందుదురు. వేరొక తెగవారును కలరు. వారు ఊరివారి కష్టమును విని, నిజానిజములు విచారించి, కాగితముపై నెక్కించి, ఏలినవారి కచేరీ గడప తొక్కి, ఉత్తరువు వెలువడువరకు మరల మరల తిరుగుదురు. వీరి పనిలో మెరుపు తక్కువ, ఓర్పు ఎక్కువ. తెలంగాణమున ఈ మూడవ తెగకు పెద్దదిక్కయి వెలసినవారు ఆంధ్రపితామహ బిరుదాంకితులగు మాడపాటి హనుమంతరావుగారు. గ్రంథాలయముల పేరు చెప్పుకొను ఈ శుభసమయమున వారి చరిత్రము స్మరింపదగినది. ఏలయన, తెలంగాణపు పల్లెలలో గ్రంథాలయమును, ప్రజల అర్జీయు ఒకే చేతిమీదుగా పెరిగినవి. ఆ చేయి వారిది.

హనుమంతరావుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని ఎర్రుపాలెమున జన్మించిరి. తండ్రి వెంకటప్పయ్యగారు, తల్లి వెంకటసుబ్బమ్మగారు. పసితనముననే తండ్రి గతించుటచే బాలుడు నైజాము రాష్ట్రములోని సూర్యాపేటకు చేరి మేనమామల యండన పెరిగెను. చదువు సూర్యాపేటలోను, హనుమకొండలోను సాగెను. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, ఆపై ఆంగ్లము అభ్యసించిరి. కొంతకాలము సర్కారు కొలువులో నుండిరి. అనువాదపు పనియు చేసిరి. 1917 ప్రాంతమున న్యాయవాద పరీక్షయందు ఉత్తీర్ణులై, కొలువును వదలి, హైదరాబాదులో వకీలుగా స్థిరపడిరి. కథలు వ్రాసిరి, 'మల్లికాగుచ్ఛము' వారి కథల సంపుటి. కాని వారి కలము ఎక్కువగా వ్రాసినది కథలు కాదు, జనుల వ్యథలు.

ఆనాటి స్థితిని కొంచెము తలచుకొనవలెను. రాజ్యమున నూటికి అయిదుగురైనను చదువెరిగినవారు లేరు. కచేరీలలోను, అదాలతులలోను, పై తరగతుల చదువులోను ఉర్దూయే నడచుచుండెను. తెలంగాణపు రైతు తన బాధను తెలుగులో చెప్పుకొనును; అది దొర చెవికి చేరవలెనన్న ఉర్దూ కాగితము కావలెను. ఆ కాగితము వ్రాయుటకు ముట్టజెప్పవలెను. వ్రాసినది తాను చెప్పినదే యగునో కాదో తెలిసికొను దారి లేదు. ఇరుభాషలను, చట్టమును, కచేరీ మర్యాదను ఎరిగిన హనుమంతరావుగారి వంటి మనిషి అట్టి కాలమున పల్లెకును సర్కారునకును నడుమ వంతెన యయ్యెను.

1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో నైజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. పూనా నుండి వచ్చిన కార్వే పండితుడు అధ్యక్షుడు. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో పలువురు మాటలాడిరి. ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగున ఉపన్యసింపబూనగా సభలోని కొందరు గేలిచేసి సాగనీయరైరి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. కొండా వెంకట రంగారెడ్డిగారు అధ్యక్షులు, హనుమంతరావుగారు కార్యదర్శి. 1978 ఆగస్టు 15న ఏర్పడిన మన జిల్లాకు పెట్టిన పేరు ఆ రంగారెడ్డిగారిదే యని ఎరుగనివారు లేరు. ఒకరి పేరు జిల్లాకు నిలిచినది. రెండవవారి పని పల్లెపల్లెకు చేరినది.

1923లో హనుమకొండయందు ఆంధ్రజన కేంద్రసంఘము నెలకొనెను. దానికిని హనుమంతరావుగారే కార్యదర్శి. గ్రంథాలయములు పెట్టించుట, పాఠశాలలు నెలకొల్పుట, విద్యార్థులకు తోడ్పడుట, తాళపత్రములను శాసనములను సేకరించుట ఆ సంఘపు ఆశయములు. పైకి ఇవి భాషాసేవ వలె కనుపించును. లోపల మరియొక సూత్రముండెను. చదువరాని జనులకు అర్జీ లేదు, అర్జీ లేనిచోట దయ తప్ప హక్కు లేదు అని వారు గ్రహించిరి. కనుక మొదట చదువు, ఆ వెనుక విన్నపము. హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును వారు చిరకాలము కనిపెట్టుకొని యుండుటకు కారణ మిదియే.

పల్లెలవారి బాధలలో పెద్దది వెట్టిచాకిరి. సర్కారు అధికారి పర్యటనకు వచ్చెనన్న, పల్లెకు పండుగ కాదు, పీడ. దళిత వర్గములవారు మూటలు మోసి ముందటి ఊరికి చేర్చవలెను. కుమ్మరి కుండలు, గొల్లవాడు మేకను తెచ్చి ఇయ్యవలెను. చాకలి, మంగలి బసకడనే కాచుకొని యుండవలెను. బోయీలు పల్లకి మోయవలెను. కోమటి తన దుకాణమునుండి బియ్యము, పప్పు, నేయి పైవారు చెప్పిన ధరకు పంపవలెను. ఆ ధరయు చేతికి వచ్చునను నమ్మకము లేదు. దొరల గడులలోనైతే అధికారి వచ్చినను రాకున్నను ఇదియే నిత్యకృత్యము. రైతు తన చేను దున్నుటకు ముందు దొర చేను దున్నవలెను. వాన అదనుకు పడినపుడు ఈ ముందువెనుకలే ఇంటి గింజలను నిర్ణయించును.

ఇందు చోద్యమేమనగా, వెట్టిని సర్కారే బాహాటముగా ఒప్పుకొనలేదు. కూలి చెల్లింపవలెనని, సరకులకు అంగడి ధర ఇయ్యవలెనని ఉత్తరువులు వెలువడియుండెను. అవి జరీదాలో అచ్చయి, తాలూకా కచేరీల బీరువాలలో నిదురించుచుండెను. ఉత్తరువు ఉర్దూలో నుండెను, ఊరివాడు తెలుగువాడు. ఊరిలో దానిని చదువగలవారు పటేలు పట్వారీలే. వెట్టి చేయించువారిలోను, అందు లాభము పొందువారిలోను వారే ముందుండిరి. తనకు నష్టమగు కాగితమును తానే చదివి వినిపించువాడు ఎన్ని ఊళ్ళలో నుండును? ఈ ముడిని హనుమంతరావుగారు కనిపెట్టిరి. క్రొత్త చట్టము కొరకు పోరాడుటకు ముందు, ఉన్న ఉత్తరువును దాని యజమాని యగు ప్రజ చేతికి చేర్చవలెనని నిశ్చయించిరి.

కేంద్రసంఘము చిన్న పుస్తకములను తెలుగున అచ్చువేయించెను. వెట్టిచాకిరిని గూర్చి యొకటి, వర్తకుల స్వాతంత్ర్యమును గూర్చి యొకటి, చేతిపనులవారిపై వేయు మొహతర్ఫా పన్నును గూర్చి యొకటి. వీనిలో ఆవేశపు మాటలు కావలసిన పని లేదు. ఏ పనికి కూలి ఇయ్యవలెనో, ఏది అడుగుటకు అధికారికి హక్కు లేదో తెలిసిన చాలును. ఊరిలో ఒక్కరు చదివిన పదిమంది విందురు. సర్కారు మాటనే సర్కారు ఉద్యోగికి చూపునపుడు దానిని రాజద్రోహమనుట కష్టము. గ్రంథాలయము ఈ పుస్తకములకు సహజమైన నెలవు. పల్లెలో ఎవరి గడపయు తొక్కక, ఎవరి దయయు కోరక, ఒక మనిషి తన హక్కును చదువుకొనగల చోటు అది యొక్కటియే.

పుస్తకములతో పని ముగియలేదు. ఊళ్ళనుండి వచ్చిన ఫిర్యాదులను వారు విచారించి, విన్నపములుగా మలచి, సంబంధించిన శాఖలకు పంపుచుండిరి. 1919లో నైజాము ప్రభువు బాబె హుకూమతు అను మంత్రిమండలిని ఏర్పరచెను. దాని అధ్యక్షుడు సదరె ఆజం, మంత్రులు సదరుల్ మహాములు. వారికి ఓటు వేసిన ప్రజ లేదు, ఓటునకు వెరచు మంత్రియు లేడు. శాసనసభ యున్నను అందు ప్రజ ఎన్నుకొన్న పల్లెవాసికి చోటు లేదు. ఇట్టి చోట ప్రతినిధి యనువానికి బలమెక్కడిది? నిజమునందే. కనుకనే హనుమంతరావుగారు వినికిడి మాటను విన్నపమున చేర్చువారు కారు. అతిశయోక్తి యొక్కటి దొరికిన, అధికారి దానిని పట్టుకొని మిగిలిన తొమ్మిది నిజములను కొట్టివేయునని వారికి తెలియును.

సర్కారు ఈ కదలికను అనుమానముతో చూచెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుచే సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలసి వచ్చెను. ప్రైవేటు బడి పెట్టుటకును అనుమతి కావలెను. అయినను 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ అనుమతితోనే జరిగెను. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు హనుమంతరావుగారే అధ్యక్షులైరి. 1936లో షాద్‌నగరు సభకు రంగారెడ్డిగారు అధ్యక్షత వహించిరి.

బాలికల చదువు విషయమున వారి పట్టుదల మరింత తేటపడును. 1928లో హైదరాబాదులో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల వెలసెను. అందు బోధన తెలుగున జరుగును. ఉర్దూ మాధ్యమము కాని పాఠశాలకు ఉస్మానియా వైపునుండి గుర్తింపు దొరకలేదు. గుర్తింపు కొరకు బోధన భాషను మార్చుటకు వారు ఒప్పుకొనలేదు. పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొని బాలికలను పరీక్షలకు పంపిరి. ఏ కార్వే పండితుని సభలో తెలుగు గేలి చేయబడెనో, ఆ పండితుని విద్యాలయమే తెలుగు బాలికలకు తలుపు తెరచెను. కచేరీ తలుపు మూసినచోట మరియొక తలుపు వెదకుటయు ప్రతినిధి ధర్మమే.

వారి మార్గమునకు హద్దులుండెను. వానిని దాచుట చరిత్రకు మేలు కాదు. ఉత్తరువు తెచ్చుట ఒకటి, దానిని గడిలోపల అమలు జరుపుట వేరొకటి. జాగీర్దారుల, దేశ్‌ముఖుల సీమలలో విన్నపములు పెక్కు నీటిమీది వ్రాతలయ్యెను. పదునెనిమిదేండ్లు అర్జీలు పెట్టినను వెట్టి పోకుండుట చూచి యువకులు విసిగిరి. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. 1944 భువనగిరి సభ నాటికి మహాసభ రెండుగా చీలెను. అటుపిమ్మట పల్లెలు సాయుధపోరాటమును చూచినవి. హనుమంతరావుగారు ఆ దారి త్రొక్కలేదు. మితవాదులన్న నింద పడిరి. ఆ నిందలో కొంత న్యాయమును కలదు. అయినను పోరాటమునకు కదలిన రైతు, వెట్టి తన విధివ్రాత కాదు, అన్యాయమని నమ్మి కదలెను. ఆ నమ్మకమునకు మొదటి అక్షరములు దిద్దించినవానిలో ఆ చిన్న పుస్తకములును కలవు.

1948 సెప్టెంబరు 17న నైజాము పాలన ముగిసెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. అప్పటికి పంతులుగారికి అరువదియైదేండ్లు సమీపించుచుండెను. ఆ ఉద్యమచరిత్రను వారు 'తెలంగాణములో ఆంధ్రోద్యమము' అను పేర రెండు భాగములుగా వ్రాసి భావితరముల కిచ్చిరి. 1951లో హైదరాబాదు నగర ప్రథమ మేయరుగా ఎన్నికై 1954 వరకు ఆ పదవి నిర్వహించిరి. ముప్పదియేండ్లు అర్జీ పట్టుకొని నిలిచినవారు అర్జీ పుచ్చుకొను స్థానమున కూర్చుండిరి. 1955లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడగా దాని తొలి అధ్యక్షులై 1964 వరకు కొనసాగిరి. మంత్రులు ఏమి పలుకవలెనో నిర్ణయించుట సభాధ్యక్షుని పని కాదు. ప్రశ్న అడిగిన సభ్యునికి సమాధానము దొరకునట్లు చూచుట వాని పని. అడుగుటకు చోటే లేని కాలమును చూచినవారికి ఆ పీఠపు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. 1970 నవంబరు 11న వారు పరమపదించిరి. వారి తొలి సంఘాధ్యక్షులగు రంగారెడ్డిగారును ఆ యేటనే జూలై 24న గతించిరి.

వెట్టి చట్టరీత్యా దేశమంతటను అంతమగుటకు 1976 నాటి చట్టము కావలసివచ్చెను. ఒక్క మనిషి, ఒక్క అర్జీ, ఒక్క తరము చాలని పని అది. కొంగరకలాన్ సీమలో 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా సమీకృత కలెక్టరు కార్యాలయము ప్రారంభమయ్యెను. ప్రతి సోమవారము ప్రజావాణికి పల్లెలనుండి జనులు కాగితములు చేతబట్టి వచ్చుచున్నారు. పాస్‌బుక్కు కొరకు వచ్చువారు, పింఛను కొరకు వచ్చువారు, దారి కొరకు వచ్చువారు. వారిలో ఎందరు తమ కాగితములో నున్నదేమో తాము చదువుకొని వచ్చుచున్నారు? తమకు వర్తించు ఉత్తరువు ఏదో ఎరిగి అడుగుచున్నవారెందరు? ఈ ప్రశ్నలకు బదులు కలెక్టరు కచేరీలో దొరకదు, ఊరి గ్రంథాలయపు బల్లపైననే దొరకవలెను. చందాదారులు వారపత్రికతోపాటు జీవోలను, చట్టముల తెలుగు ప్రతులను గూడ అడిగి తెప్పించుకొందురుగాక. చదువురాని పొరుగువాని కాగితమును చదివి, ఉన్నదున్నట్లు వినిపింతురుగాక. పంతులుగారికి మనము చెల్లింపగల ఋణము అదియే.