చాటుగా విన్న పాటకు బడి పెట్టిన మౌలాబక్ష్

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలూ ఉన్నాయి. మరమగ్గాల పనికి వలస వచ్చిన మన చేనేత కుటుంబాల పిల్లలు ఆ తెలుగు బడుల్లో చదువుకున్నారు. ఒకే ఊళ్లో పెరిగే ఇన్ని భాషల పిల్లలకు ఒకరి సంస్కృతి మరొకరికి తెలిసేదెలా? సూరత్‌కు సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని బరోడాలో, 19వ శతాబ్దంలోనే ఒక సంగీత విద్వాంసుడు పాటతో ఆ పని మొదలుపెట్టారు. ఆయనే మౌలాబక్ష్.

1833లో ఇప్పటి హరియాణాలోని భివానీ ప్రాంతంలో పుట్టారు. అసలు పేరు చోలే ఖాన్. తండ్రి చిన్నప్పుడే పోయారు. పాట విని మురిసిన ఒక ఫకీరు మౌలాబక్ష్ అని పేరు పెట్టారని కుటుంబ కథనం. ఘసీట్ ఖాన్ అనే ఉస్తాదు దగ్గర నేర్చుకోవాలని ఆశపడ్డారు. ఆయనేమో ఎవరికీ విద్య చెప్పేవారు కాదు. మౌలాబక్ష్ కాపలాదారును మంచి చేసుకుని, ఇంటి బయట కూర్చుని రోజూ సాధన విని నేర్చుకున్నారని చెబుతారు.

తర్వాత మైసూరు వెళ్లారు. ఉత్తరాది ముస్లింకు కర్ణాటక సంగీతం నేర్పడానికి అక్కడి విద్వాంసులు మొదట ఇష్టపడలేదట. అయినా పట్టు వదలకుండా నేర్చుకుని, మైసూరు ఆస్థానంలో రాజలాంఛనాలతో సత్కారం పొందారు. తెలుగు కృతులే ప్రధానంగా ఉన్న ఆ సంగీతం అలా ఒక హిందుస్తానీ విద్వాంసుడి సొంతమైంది.

1886లో మూడో శాయాజీరావు గైక్వాడ్ ప్రోత్సాహంతో బరోడాలో గాయనశాల ప్రారంభమైంది. రెండు చోట్ల తలుపులు మూసి ఉండటం చూసిన మనిషి, తన బడిలో తలుపు తెరిచిపెట్టారు. ఉస్తాదు కొడుకులకే దక్కే విద్యను మామూలు పిల్లలు తరగతిలో కూర్చుని నేర్చుకున్నారు. అందుకోసం స్వరాలను రాసే పద్ధతిని సొంతంగా రూపొందించి, గుజరాతీలో పాఠ్యపుస్తకాలు రాశారు. గర్బా పాటలకు, నరసింహ మెహతా కథకు ఒక ముస్లిం ఉస్తాదు స్వరాలు కట్టి పిల్లల చేతికిచ్చారు. ఎదుటివారి సంస్కృతిని గౌరవించాలని ఉపన్యాసం చెప్పడం కన్నా, వాళ్ల పాటను తప్పు లేకుండా పాడించడం మేలైన పాఠం కదా!

ఆ చూపు ఇంట్లోనూ కనిపించింది. కొడుకు అల్లావుద్దీన్ ఖాన్ లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో పాశ్చాత్య సంగీతం చదివారు. ఆ ఇంట్లోనే పెరిగిన కూతురి కొడుకు ఇనాయత్ ఖాన్, 1910లో అమెరికా వెళ్లి భారతీయ సంగీతాన్ని, సూఫీ భావాలను పాశ్చాత్య దేశాలకు పరిచయం చేశారు.

మౌలాబక్ష్ 1896లో కన్నుమూశారు. ఆధునిక సంగీత విద్య అనగానే భాత్‌ఖండే, పలుస్కర్ పేర్లే వినిపిస్తాయి. పలుస్కర్ లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం తెరిచింది 1901లో. బరోడా బడి అంతకు పదిహేనేళ్ల ముందుది. నేటి మహారాజా శాయాజీరావ్ విశ్వవిద్యాలయ ప్రదర్శన కళల విభాగానికి మూలం అదే.

బతుకుతెరువు కోసం దేశం నలుమూలల నుంచీ జనం చేరిన సూరత్ లాంటి నగరానికి ఆ బడి అవసరం నేడు మరింత ఎక్కువ. తెలుగు బడి పిల్లలు గర్బా పాడాలి. గుజరాతీ బడిలో బతుకమ్మ పాట వినిపించాలి. ఇందుకు కొత్త పథకాలేవీ అక్కర్లేదు. వారానికి ఒక సంగీతం పీరియడ్, మనసున్న ఒక మాస్టారు చాలు.