గోండువీరుడు కొమురం భీము

సూరతు నగరమున కతర్‌గామ్ చెంతగా పడమటి సముద్రమునకు సాగిపోవు తపతీనదికి జన్మస్థానము మధ్యప్రదేశమునందలి బేతూలు జిల్లాలోని ముల్తాయి. ఆ ప్రాంతముననే పుట్టిన మరియొక నది వార్ధా. అది ఆగ్నేయముగా పయనించి, వైనగంగతో కలిసి, ప్రాణహిత యను పేర ఆసిఫాబాదు సీమ నొరసికొని గోదావరిలో లీనమగును. రెండు నదులకును పుట్టినిల్లు గోండుల దేశమే. పడమటి తీరమున స్థిరపడిన తెలుగువారు ప్రతిదినము చూచు నీటికిని, తెలుగునేలపై ప్రాణము లర్పించిన ఒక గోండువీరుని కథకును ఇట్టి దూరపు చుట్టరికము కలదు. ఆ వీరుడు కొమురం భీము.

గోండులు ఒకప్పుడు రాజ్యము లేలినవారు. చాందా, దేవగఢము, గఢామండలము వారి రాజధానులు. అక్బరు సేనల నెదిరించి 1564లో రణరంగమున మరణించిన రాణి దుర్గావతి వారి కోడలు. రాజ్యములు పోయినను ఆదిలాబాదు కొండలలోని గోండులకు చిరకాలము భూమికి కొరత లేకుండెను. ఒక చేను కొన్నియేండ్లు దున్ని, సారము తగ్గినంతనే బీడుపెట్టి, వేరొక చేనికి మరలుట వారి సేద్యపద్ధతి. కొంతకాలమునకు మరల మొదటి చేనికే వచ్చుచుండిరి. ఆ చేలకు హద్దురాళ్లు లేవు, కాగితములు లేవు. ఊరిపెద్ద యగు పట్లా మాటయే వారికి దస్తావేజు.

నిజాము ప్రభుత్వము అడవులను కొలిపించి రిజర్వు చేయసాగినప్పుడు ఈ పద్ధతియే వారికి శాపమయ్యెను. బీడుపెట్టిన చేనిలో చెట్లు మొలచియుండుటచే అధికారుల లెక్కకు అది అడవి. దున్నుచున్న చేనికి పట్టా లేకపోవుటచే అది సర్కారు భూమి. దారులును రైలుమార్గమును ఏర్పడినకొలది మైదానములనుండి వచ్చినవారు కచేరీ మర్యాద లెరిగి పట్టాలు సంపాదించుకొనిరి. పశువుల మేతకు పన్ను, వంటచెరకునకు పన్ను, అవి చాలక అడవి జవానులకు మామూళ్లు. తాతలనాటి పొలమునందే గోండు కౌలుదారుడయ్యెను. కొన్నిచోట్ల దొంగ యనిపించుకొనెను.

భీము 1901లో ఆసిఫాబాదు ప్రాంతమునందలి సంకేపల్లి గూడెమున జన్మించెను. తండ్రి చిన్ను. భీమునకు పదునైదేండ్లు నిండునంతలో ఆ తండ్రి అటవీసిబ్బంది చేతిలో మరణించెనని గోండులు చెప్పుకొందురు. కుటుంబము సర్దాపూరునకు వలసపోయి అడవి నరికి పంట పండించెను. పంట చేతికివచ్చు వేళ ఆ భూమి తనదని ఒక భూస్వామి మనుష్యులతో వచ్చెను. ఆ ఘర్షణలో భూస్వామి భీము దెబ్బకు చనిపోయెను. భీము చాందాకు పారిపోయి ఒక అచ్చుకార్యాలయమున కొలువు చేసెను. పిమ్మట అస్సాము తేయాకు తోటలలో కూలియై కొన్నియేండ్లు గడపెను. అడవిలో అబ్బని చదువు అతనికి ప్రవాసమున అబ్బెను.

తిరిగివచ్చి సోంబాయిని వివాహమాడిన భీమునకు సుఖముగా కాపురము చేసికొను అవకాశము లేకపోలేదు. కాని అతడు పినతండ్రులతోడను తోటివారితోడను కలిసి బాబేఝరీ కొండలకు పోయెను. జోడేఘాట్, పట్నాపూరు మున్నగు 12 గ్రామముల గోండులును కోలాములును అక్కడ అడవి నరికి సేద్యము మొదలిడిరి. అటవీసిబ్బంది వచ్చి గుడిసెలు కూల్చిరి, పైరు పాడుచేసిరి. భీము వెంటనే ఆయుధము పట్టలేదు. అర్జీలు పెట్టెను, నిజామునే కలిసికొని మొరపెట్టుకొనవలెనని హైదరాబాదు దాక పోయెను. దర్శనము లభింపలేదు. ప్రభువు గడప దాటి లోనికి పోలేని మొర కొండలకు తిరిగివచ్చి తిరుగుబాటయ్యెను.

భీము అనుచరులు జోడేఘాట్ కొండను స్థావరముగ జేసికొని, భూమి తమదని ప్రకటించి, సర్కారు సిబ్బందిని అడ్డగించిరి. నెలల తరబడి సాగిన ఆ పోరాటమును అణచుటకు ప్రభుత్వము సాయుధబలమును పంపెను. 1940లో జరిగిన కాల్పులలో భీమును, అతని అనుచరులు పలువురును నేలకొరగిరి. నాటు తుపాకులకును విల్లంబులకును శిక్షణపొందిన బలగముతో సరితూగు శక్తి యెక్కడిది?

అయినను ఆ మరణము వ్యర్థము కాలేదు. గోండుల అలజడికి మూలమేమో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము వియన్నాలో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫునకు పని యప్పగించెను. ఆయన గోండులలో నివసించి, వారి భాష నేర్చి, నేరము కొండవారిది కాదనియు, భూమి చేజారుటయే కారణమనియు నివేదించెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసెను. అటుపిమ్మట కొలది సంవత్సరములలో ఆదిలాబాదు గిరిజనులకు లక్ష ఎకరములకు పైబడి పట్టాలు లభించెను. భీము బ్రతికియుండగా అడిగినది దాదాపు ఇదియే.

స్వరాజ్యము వచ్చిన పిదప 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషను 1963లో తెలంగాణమునకు విస్తరించెను. 1970లో దానిని మరింత బిగించిరి. ఐనను 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూములకై సభకు వచ్చిన గోండులపై కాల్పులు జరిగి, సర్కారు లెక్క ప్రకారమే 13 మంది మరణించిరి. 2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టము చేసెను. 2016లో ఏర్పడిన క్రొత్త జిల్లాకు కొమురం భీము పేరు పెట్టిరి.

ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు గోండులు జోడేఘాటున చేరి తమ వీరునకు నివాళు లర్పింతురు. నీరు, అడవి, భూమి యను మూడు మాటలు నేడు దేశమంతట అతని పేరుతో ముడివడియున్నవి. ప్రభుత్వకార్యాలయములలో పనిచేయువారికి అతని జీవితము మరియొక పాఠము చెప్పును. సకాలమున చదువబడని అర్జీ ఒక్కొక్కప్పుడు ఒక కొండను తడిపిన రక్తమగును. ఆ రక్తము చిందిన తరువాత ఇచ్చిన పట్టాకును అంతకుముందు కావలసినది ఒక సంతకము మాత్రమే.