రక్తసంబంధానికి లెక్క కట్టిన సీవాల్ రైట్

జాతి కుక్క అంటే మనలో చాలామందికి మోజు. దాని రంగు, చెవులు చూసి మురిసిపోతాం గాని, దాని తల్లీ తండ్రీ ఒకదానికొకటి ఏమవుతాయని అడగం. ఆ ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పడం నేర్పిన మహనీయుడు సీవాల్ రైట్.

ఆయన 1889 డిసెంబరు 21న అమెరికాలోని మెల్రోస్‌లో జన్మించారు. తండ్రి కళాశాల అధ్యాపకుడు. ఏడేళ్ల వయసులోనే రైట్ ప్రకృతి వింతల మీద చిన్న పుస్తకం రాశారు. విశేషమేమిటంటే, ఆయన తల్లిదండ్రులు కూడా ఒకే తాతకు మనవడు, మనవరాలు.

1915లో హార్వర్డ్‌లో డాక్టరేట్ పొంది, అమెరికా వ్యవసాయ శాఖలో చేరారు. అక్కడ 1906 నుండి గినీ పందుల్లో తోడబుట్టిన వాటినే తరతరాలుగా జతకట్టిస్తున్నారు. రైట్ ఆ రికార్డులన్నీ ఓపికగా పరిశీలించారు. మొత్తం మీద ఈతకు పుట్టే పిల్లల సంఖ్య, వాటి బరువు తగ్గాయి. వేర్వేరు కుటుంబాలను కలిపితే పిల్లలు మళ్లీ బలంగా పుట్టాయి.

1922లో ఆయన అంతఃప్రజనన గుణకాన్ని ప్రకటించారు. లెక్క సులభమే. వంశవృక్షంలో తల్లి నుండి ఉమ్మడి పూర్వీకుని మీదుగా తండ్రి వరకు ఎన్ని జీవులుంటే అన్ని సగాలను ఒకదానితో ఒకటి హెచ్చించాలి. అలాంటి దారులన్నీ కూడాలి. తోడబుట్టిన కుక్కలను జతకడితే పిల్లలకు 25 శాతం వస్తుంది. అంటే ఏ జన్యువు తీసుకున్నా, దాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దాగివున్న జబ్బులు బయటపడేది ఇలాగే. మన ఇళ్లలో మేనమామతో పెళ్లయితే పిల్లలకు 12.5, బావామరదళ్ల పెళ్లయితే 6.25 శాతం వచ్చేదీ ఈ లెక్కతోనే.

1931లో ఆయన మరో సత్యం చూపారు. మందలో ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎన్నింటి నుండి సంతానం వస్తోందన్నది ముఖ్యం. బహుమతి గెలిచిన ఒక్క మగకుక్కనే 100 ఆడకుక్కలకు వాడితే, జన్యు వైవిధ్యం దృష్ట్యా ఆ 101 కుక్కలు సుమారు నాలుగింటితో సమానం! డాల్మేషియన్ జాతిలో మూత్రంలో రాళ్లకు దారితీసే లోపం జాతి అంతటా పాకిపోయింది. మంచి జన్యువు కోసం 1973లో అమెరికాలో పాయింటర్ జాతితో ఒకసారి కలపవలసి వచ్చింది. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2009 నుండి తోడబుట్టిన కుక్కల జతకు, తల్లీకొడుకుల, తండ్రీకూతుళ్ల జతకు పుట్టిన పిల్లలను నమోదు చేయడం మానేసింది.

1954లో షికాగో విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేశాక కూడా రైట్ కలం ఆపలేదు. పరిణామ జన్యుశాస్త్రంపై నాలుగు సంపుటాల గ్రంథం 1978 నాటికి పూర్తిచేశారు. 1988 మార్చి 3న, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

స్వచ్ఛమైన రక్తం గొప్పదని లోకం అంటుంది. వైవిధ్యంలోనే బలం ఉందని రైట్ లెక్కలు చెబుతున్నాయి. ఎన్నో ఊళ్ల నుండి, ఎన్నో ఇళ్ల నుండి వచ్చి ఒకే కప్పు కింద కలిసి చదువుకుంటున్న మనకు ఈ మాట వేరే చెప్పాలా?