ఎండెన్ నౌకపై కూలిన పైలట్ ఎండెన్.. హైదరాబాద్ పేరున్న స్క్వాడ్రన్ వీరుడి కథ!

పైలట్ పేరు హెన్రీ ఎండెన్. అతని విమానం కూలిన యుద్ధనౌక పేరు కూడా ఎండెనే! రెండో ప్రపంచ యుద్ధం తొలినాళ్లలో జరిగిన ఈ ఘటనకు మన హైదరాబాద్‌తోనూ లింక్ ఉంది.

ఎండెన్ అంటే మద్రాసు వాళ్లకు హడల్. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఆ పేరున్న జర్మన్ నౌక మద్రాసుపై గుళ్ల వర్షం కురిపించింది. చమురు ట్యాంకులు తగలబడ్డాయి. జనం ఊరొదిలి పారిపోయారు. మన ఉదయగిరి, ఆత్మకూరు కూడా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ నవంబర్‌లోనే నౌక ధ్వంసమైంది. కానీ జర్మనీ ఆ పేరు వదల్లేదు. 1925లో మరో ఎండెన్‌ను నేవీలో చేర్చింది.

ఇక హెన్రీ ఎండెన్ బ్రిటిష్ వైమానిక దళంలో ఫ్లయింగ్ ఆఫీసర్. పనిచేసింది 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్‌లో. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ స్క్వాడ్రన్ విమానాలకు డబ్బు ఇచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే ఆ పేరు.

1939 సెప్టెంబర్ 3న జర్మనీపై బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే బ్లెన్‌హీమ్ బాంబర్లు జర్మన్ నౌకలపై దాడికి బయల్దేరాయి. మబ్బులు బాగా కిందికి ఉండటంతో తక్కువ ఎత్తులోనే దూసుకెళ్లాల్సి వచ్చింది. అడ్మిరల్ షీర్ నౌకపై పడ్డ బాంబులు పేలనే లేదు. దాడి చేసిన పది విమానాల్లో ఐదు తిరిగి రాలేదు. వాటిలో హెన్రీ విమానం ఒకటి. అది నేరుగా ఎండెన్ నౌకపైనే కూలింది. అందులో ఉన్నవాళ్లెవరూ బతకలేదు.

యుద్ధం ఆరేళ్లు సాగింది. హెన్రీకి, అతని తోటి సిబ్బందికి మాత్రం రెండో రోజే ముగిసిపోయింది.