తోలు గుట్టు విప్పిన నాయుడమ్మ

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో శతాబ్దాల క్రితం స్థిరపడిన తెలుగు పల్లెలకు తోలు కొత్త వస్తువు కాదు. కపిలతో బావి నీరు తోడిన కాలంలో కోయంబత్తూరు సీమలో తోలు తొండం కుట్టినవీ, రైతు కాలికి చెప్పు చేసినవీ ఇంట తెలుగు మాట్లాడే అరుంధతీయుల చేతులే. పొలాన్ని తడిపిన ఆ చేతులనే ఊరు దూరంగా ఉంచింది. అట్టి వృత్తికి శాస్త్ర గౌరవాన్ని సంపాదించిన మహనీయుడు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ.

ఆయన 1922 సెప్టెంబరు 10న గుంటూరు జిల్లా తెనాలి సమీపంలోని యలవర్రులో రైతు కుటుంబంలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివి, మదరాసులో తోళ్ల విద్య అభ్యసించారు. ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ ఉన్నత విద్య పూర్తి చేసి, 1951లో మదరాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థలో చేరారు. 1958లో దానికి డైరెక్టరు అయ్యారు.

తోలుకు బలమిచ్చేది కొల్లాజెన్ అను మాంసకృత్తు. మూడు పోగులు పేనిన తాడు వలె దాని అణువు ఉంటుందని మదరాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ప్రతిపాదించారు. ఆ పరిశోధనకు నమూనాలు తోలు సంస్థ నుండే అందాయి.

తాడు ఒకటే అయినా అల్లిక వేరు. స్నాయువులో పోగులు ఒకే దిశలో బారులు తీరి ఉంటాయి, కనుక లాగుడుకు తట్టుకుంటాయి. చర్మంలో అవి అన్ని వైపులకు పెనవేసుకొని ఉంటాయి, కనుక తోలు ఎటు లాగినా సులభంగా చిరగదు. మృదులాస్థిలో మరొక రకం కొల్లాజెన్ సన్నని పోగులుగా ఉండి ఒత్తిడిని మోస్తుంది. మేకతోలు మెత్తగా, దున్నతోలు దళసరిగా ఉండుటకు కూడా పోగుల లావు, అల్లికలే ముఖ్య కారణాలు.

పచ్చి తోలు సుమారు 65 డిగ్రీల వేడినీటిలోనే ముడుచుకుంటుంది. తంగేడు చెక్క, కరక్కాయలలోని వగరు పదార్థం పోగులను ఒకదానితో ఒకటి బంధించి, కుళ్లకుండా కాపాడుతుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మరిగే నీటికి సైతం తాళుతుంది. దిండిగల్లు, ఈరోడు తోళ్ల శాలలలో తరతరాలుగా చేతి అనుభవంతో సాగిన ఈ పనికి కారణమేమిటో తెలుపుటే నాయుడమ్మ సంస్థ కృషి. ఆయన డైరెక్టరుగా ఉండగా, 1960లో ఆ సంస్థ కొల్లాజెన్‌పై శాస్త్రజ్ఞుల సదస్సును నిర్వహించింది.

సగం పదునైన తోలును విదేశాలకు అమ్ముకొనుట కన్న, చెప్పులు, సంచులు ఇక్కడనే తయారు చేసి అమ్మితే పనివానికి కూలి దక్కునని ఆయన భావించారు. పరిశోధన ఫలితం ప్రయోగశాలలో మిగలక, తోలు తొక్కే మనిషిని చేరాలని తపించారు. 1971లో పద్మశ్రీ అందుకొని, ఆ ఏడే శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు.

1985 జూన్ 23న ఐర్లండు తీరాన బాంబు పేలుడుకు కూలిన కనిష్క విమానంలో మరో 328 మందితో పాటు ఆయన అసువులు బాశారు. పశువు ఏదైనా, మనిషి ఎవరైనా చర్మంలోని తాడు మూడు పోగులదే. ఆ తాడును తెలిసిన శాస్త్రానికి అంటు లేదు. తోలు పని చేసే చేతికీ అంటు లేదని మన పిల్లలకు నేర్పుటే ఆయనకు తగిన నివాళి.