సర్ పురుషోత్తమదాసు ఠాకూరుదాసుగారు

రాజ్యము చేతులు మారునప్పుడు వర్తకునకు భయము సహజము. పన్నులు మారును, నాణెపు విలువ మారును, నిన్నటి ఒప్పందము నేడు చెల్లకపోవచ్చును. అట్టి కాలమున ఎవరి మూట వారు కట్టుకొనక, రాబోవు ప్రభుత్వమునకు వలయు లెక్కలను ముందుగానే సిద్ధపరచిన వర్తకశ్రేష్ఠులలో బొంబాయి నగరపు సర్ పురుషోత్తమదాసు ఠాకూరుదాసుగారు అగ్రగణ్యులు.

ఆయన 1879వ సంవత్సరమున జన్మించి, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో విద్య నభ్యసించి, ప్రత్తి వ్యాపారమున ప్రవేశించిరి. ఈస్టిండియా ప్రత్తి సంఘమునకు చిరకాలము అధ్యక్షులై ప్రత్తిరాజని పేరుగాంచిరి. ఆంగ్లప్రభుత్వ మొసంగిన బిరుదములను స్వీకరించిరి. 1920లో సహాయనిరాకరణోద్యమమునకు విముఖులై యుండిరి. ఈ విషయమును దాచుట చరిత్ర వ్రాయువారికి తగదు.

అయినను దేశపు ధనము విషయమున ఆయన దొరలకు లొంగినవారు కారు. 1926లో హిల్టన్ యంగ్ కమీషను రూపాయికి 18 పెన్సుల మారకమును సిఫారసు చేయగా, అందు సభ్యులైన వీరు 16 పెన్సులే న్యాయమని భిన్నాభిప్రాయము వ్రాసిరి. రూపాయి వెల హెచ్చినకొలది, విదేశములకు పోవు ప్రత్తికి రైతు చేతికి వచ్చు రూపాయలు తగ్గును గదా! మరుసటియేట 18 పెన్సుల మారకమే శాసనమయ్యెను. ఎంత న్యాయమైన వాదమైనను వెనుక సంఘబలము లేనిదే నెగ్గదని దీనివలన తేలినది.

ఆ 1927లోనే ఘనశ్యామదాసు బిర్లా ప్రభృతులతో కలసి వీరు భారత వాణిజ్య పారిశ్రామిక సంఘముల సమాఖ్యను స్థాపించిరి. 1931లో రెండవ రౌండుటేబిలు సమావేశమునకు ఆ సమాఖ్య పక్షమున వీరును, బిర్లాగారును, చెన్నపురి వర్తకులగు జమాల్ మహమ్మదుగారును వెళ్లిరి.

వీరి దూరదృష్టికి పరమనిదర్శనము 1944 జనవరిలో వెలువడిన బొంబాయి ప్రణాళిక. అప్పటికి జాతీయనాయకులు చెఱసాలలో నుండిరి, యుద్ధము ముగియలేదు. అట్టి తరుణమున వీరును, టాటా, బిర్లా, కస్తూరిభాయి లాల్‌భాయి, శ్రీరాం మొదలగువారును కలసి ఎనమండుగురు, యుద్ధానంతరము ఆర్థికస్వాతంత్ర్యముగల జాతీయప్రభుత్వ మేర్పడునని నిశ్చయించుకొని లెక్కలు కట్టిరి. 15 సంవత్సరములలో 10,000 కోట్ల రూపాయల వ్యయముతో తలసరి ఆదాయమును రెట్టింపు చేయుట వారి సంకల్పము. ఇందు పరిశ్రమలకు 4,480 కోట్లు, వ్యవసాయమునకు 1,240 కోట్లు, విద్యకు 490 కోట్లు కేటాయించిరి. 3,400 కోట్లు క్రొత్త నోట్లవలన రావలెననుటచే ధరలు పెరుగునని విమర్శ వచ్చెను. ధనికులు తమకొఱకే వ్రాసికొనిరన్న నిందయు వచ్చెను. కాని రెండవభాగమున వర్తకులే తమపై ప్రభుత్వపు అదుపును కొంతవరకు అంగీకరించుట సామాన్యము కాదు.

ఆ ప్రణాళిక యథాతథముగా అమలు జరుగలేదు. దేశమంతయు ఆర్థికముగా నొక్కటిగా నుండునన్న ఊహ 1947లో తలక్రిందులయ్యెను. పంజాబు, సింధులలోని ప్రత్తిచేలు అధికభాగము పాకిస్థానమునకు పోగా, మిల్లులు బొంబాయి, అహమ్మదాబాదులలో మిగిలెను. ప్రత్తిరాజునకు ఇంతకన్న బాధాకర మేముండును! అయినను స్వతంత్రభారతము ప్రణాళికామార్గమునే అవలంబించినది. ఆ ఎనమండుగురిలో నొకరగు జాన్ మత్తయిగారు ఆర్థికమంత్రి యైరి.

పురుషోత్తమదాసుగారు 1961లో పరమపదించిరి. సోదరులారా! లెక్క తప్పవచ్చును, కాని లెక్కయే వేయనివాడు మార్పు వచ్చిననాడు పరుల లెక్కకు లోబడవలసినదే. కలసి ఆలోచించుటయు, తన లాభమునకు తానే హద్దు గీచుకొనుటయు వీరి జీవితము మన సంఘమునకు నేర్పు పాఠములు.